ఏపీఐ స్పెక్ నుంచి జావా కోడ్: మేవెన్ ప్లగిన్‌ను అమర్చుకునే పద్ధతి

మార్చి దాటి హైదరాబాద్‌లో బోర్లు ఎండడం మొదలైతే అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో నీళ్ల ట్యాంకర్ తప్ప మరో మాట వినపడదు. ఏ సంఘం ఎన్ని లీటర్ల ట్యాంకర్ అడిగింది, ఏ వేళకు రమ్మంది, డ్రైవర్ ఎవరి ఫోన్‌కు కాల్ చేయాలి అన్న వివరాలను నమోదు చేసుకునే ఒక చిన్న సర్వీసును ఈ వ్యాసానికి ఉదాహరణగా పెట్టుకుంటున్నాను. సర్వీసు చిన్నదే గాని దాని చుట్టూ పనిచేసే మనుషులు తక్కువేమీ కాదు. సర్వర్ రాసేవారు మాదాపూర్‌లో, మొబైల్ యాప్ రాసేవారు మరో కంపెనీలో, టెస్టింగ్ చేసేవారు ఇంటి దగ్గర ఉంటారు. ఒక ఫీల్డ్ పేరు మారిన సంగతి ఈ మూడు చోట్లా ఒకేసారి తెలియకపోతే, ఆ తేడా రిలీజ్ ముందురోజు రాత్రి బయటపడుతుంది.

ఈ ఇబ్బందికి విరుగుడు, ఏపీఐ (ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాంతో మాట్లాడే పద్ధతి) వర్ణనను ఒకే ఒక్క ఫైల్‌లో రాసి, దాని నుంచే జావా క్లాసులను బిల్డ్ సమయంలో తయారు చేయించడం. ఆ ఫైల్‌నే స్పెక్ అంటారు, దాన్ని రాసే పద్ధతికి ఓపెన్‌ఏపీఐ అని పేరు. స్వాగర్ అనే పేరుతో పుట్టిన ఈ పద్ధతి 2015 చివర్లో లినక్స్ ఫౌండేషన్ కింద ఏర్పడిన ఓపెన్‌ఏపీఐ ఇనిషియేటివ్ చేతికి వచ్చి, ఆ మరుసటి ఏడు పేరు మార్చుకుంది. దాని 3.0 వెర్షన్ 2017లోనూ 3.1 వెర్షన్ 2021లోనూ వచ్చాయి. స్పెక్‌ను చదివి కోడ్ తయారు చేసే ఓపెన్‌ఏపీఐ జనరేటర్ 2018లో స్వాగర్ కోడ్‌జెన్ నుంచి చీలి వచ్చిన ప్రాజెక్టు. జావా ప్రాజెక్టులను బిల్డ్ చేసే మేవెన్ అనే సాధనానికి మనం అమర్చబోయే ప్లగిన్ ఆ ప్రాజెక్టుదే.

అక్షరాల గురించి ఒక సూచన. ఈ వ్యాసంలో ట్యాగుల పేర్లను, ఆప్షన్ల పేర్లను తెలుగు లిపిలో, చదవడానికి వీలుగా మాటలు విడదీసి రాస్తున్నాను. ఫైల్‌లో మాత్రం వాటిని ఇంగ్లిష్ అక్షరాలలో, మాటల మధ్య ఖాళీ లేకుండా, రెండో మాట నుంచి ప్రతి మాట మొదటి అక్షరాన్ని పెద్దదిగా రాయాలి. అంటే ఇన్‌పుట్ స్పెక్ అని నేను రాసినచోట రెండు మాటలనూ కలిపేసి, రెండో మాటలోని మొదటి అక్షరాన్ని మాత్రమే పెద్దది చేయాలి. ఈ నియమాన్ని ఇంత నొక్కి చెప్పడానికి కారణం కింద వస్తుంది.

స్పెక్ దగ్గరే అసలు పని

ప్లగిన్ అమరిక మహా అయితే ముప్పై పంక్తులు. దాని నుంచి వచ్చే కోడ్ చదవడానికి వీలుగా ఉంటుందా, చూడగానే మూసేయాలనిపిస్తుందా అన్నది స్పెక్ ఎంత శ్రద్ధగా రాశారన్న దాన్ని బట్టే ఉంటుంది. అందువల్ల మేవెన్ అమరికలుండే పామ్ ఫైల్ తెరవడానికి ముందు స్పెక్‌లో కొన్ని సంగతులు సరిచూసుకోవాలి.

మొదటిది ఆపరేషన్ ఐడీ. బుకింగ్స్ అనే పాత్‌కు పోస్ట్ పద్ధతిలో వచ్చే రిక్వెస్టుకు మీరు క్రియేట్ బుకింగ్ అని ఆపరేషన్ ఐడీ ఇస్తే, జావా ఇంటర్‌ఫేస్‌లో మెథడ్ పేరు అదే అవుతుంది. ఇవ్వకపోతే జనరేటర్ ఒక హెచ్చరిక చూపించి, పాత్‌నూ హెచ్‌టీటీపీ పద్ధతినీ అతికించి బుకింగ్స్ పోస్ట్ వంటి పేరును తానే పెడుతుంది. రేపు పాత్ మారితే ఆ పేరూ మారిపోతుంది, దాన్ని పిలిచే కోడ్ అంతా కంపైల్ కాకుండా ఆగిపోతుంది.

రెండోది స్కీమాలకు, అంటే డేటా ఆకారాలకు, పేర్లు. రిక్వెస్ట్ బాడీ ఆకారాన్ని ఆపరేషన్ కిందే నేరుగా రాస్తే జనరేటర్ దానికి క్రియేట్ బుకింగ్ రిక్వెస్ట్ అనీ, రెస్పాన్స్ ఆకారాన్ని అలాగే రాస్తే క్రియేట్ బుకింగ్ 201 రెస్పాన్స్ అనీ పేర్లు పెడుతుంది. ఇదే ఆకారం ఇంకో నాలుగు చోట్ల వస్తే దాదాపు ఒకటే అయిన క్లాసులు నాలుగు తయారయ్యే అవకాశం ఉంది. ప్రతి ఆకారాన్నీ కాంపోనెంట్స్ కింద స్కీమాస్ భాగంలో మీరు పెట్టిన పేరుతో రాసి, మిగిలిన చోట్ల నుంచి దానికి రిఫరెన్స్ ఇవ్వడం ఒక్కటే దీనికి దారి.

మూడోది రకాలు, అంటే టైప్‌లు. ఇక్కడ కొంచెం నిలబడాలి, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది ఇక్కడే. మొదటిసారి ఇలాంటి స్పెక్ రాసినప్పుడు మొబైల్ నంబర్‌కు టైప్ ఇంటిజర్ అని పెట్టి, ఫార్మాట్ ఏమీ రాయలేదు. ఫార్మాట్ లేని ఇంటిజర్‌ను జనరేటర్ జావాలోని ఇంటిజర్‌గానే తీసుకుంటుంది. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 214,74,83,647. మన దేశపు మొబైల్ నంబర్లు పది అంకెలతో, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి కాబట్టి వాటిలో ఒక్కటి కూడా అందులో పట్టదు. నా టెస్టుల్లో నంబరు 12345 అని ఉండేది, కాబట్టి అన్నీ పచ్చగానే కనిపించాయి. నిజమైన నంబరుతో వచ్చిన మొదటి రిక్వెస్టుకే సర్వర్ 400 తప్పు చూపించింది. మొబైల్ నంబరు, పిన్‌కోడ్, ఫ్లాట్ నంబరు వంటివి చూడటానికి సంఖ్యలే గాని వాటిని ఎవరూ కూడరు, తీసివేయరు. అలాంటి వాటన్నిటికీ టైప్ స్ట్రింగ్ అనే రాసి, ఏ ఆకారంలో ఉండాలో ప్యాటర్న్‌లో చెప్పడం సరైన పద్ధతి.

హైదరాబాద్ ఎస్టీడీ కోడ్ 040 ఇంకో రకంగా తికమక పెడుతుంది. స్పెక్‌ను యామల్ అనే ఫైల్ ఫార్మాట్‌లో రాస్తూ, ఉదాహరణ విలువగా ఆ మూడు అంకెలను కోట్స్ లేకుండా రాస్తే, యామల్ 1.1 నియమాల ప్రకారం సున్నాతో మొదలైనందున అది ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా లెక్కించే) సంఖ్య అవుతుంది, దాని విలువ 32. ఊరి కోడ్ 040 అని రాసి 32 అని చదివించుకోవడం కంటే రెండు కోట్స్ పెట్టడం తేలిక. వెర్షన్ 1.10 అని కోట్స్ లేకుండా రాసినా ఇంతే, చివరి సున్నా పోయి 1.1 అవుతుంది.

డబ్బుకు టైప్ నంబర్ అని రాసి ఫార్మాట్ వదిలేస్తే బిగ్ డెసిమల్ వస్తుంది, ట్యాంకర్ కిరాయికి అదే కావాలి. అలవాటు కొద్దీ ఫార్మాట్ డబుల్ అని చేర్చారంటే పైసల దగ్గర లెక్క తేడా వచ్చే డబుల్ వస్తుంది. తేదీల విషయంలో ఫార్మాట్ డేట్ అంటే లోకల్ డేట్, డేట్-టైమ్ అంటే ఆఫ్‌సెట్ డేట్ టైమ్ తయారవుతాయి. తెల్లవారుజామున 4 గంటలకు ట్యాంకర్ కావాలన్న బుకింగ్‌ను డేట్-టైమ్‌గా తీసుకుని, మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనకుండే యూటీసీలో నడిచే సర్వర్ మీద అందులోంచి తేదీని విడదీస్తే, అది ముందురోజు రాత్రి 10:30 అయి కూర్చుంటుంది. మనకు కావలసింది రోజు, వేళ మాత్రమే అయితే రోజును డేట్‌గా, వేళను వేరే ఈనమ్‌గా (ముందే నిర్ణయించిన విలువల జాబితాగా) రాసుకోవడం క్షేమం.

ఆ ఈనమ్‌ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ట్యాంకర్ సామర్థ్యాన్ని 5000, 10000 అనే రెండు సంఖ్యల ఈనమ్‌గా రాస్తే జావాలో వాటి పేర్లు నంబర్ అనే మాట, అండర్‌స్కోర్, ఆ తరువాత ఆ సంఖ్యగా వస్తాయి. వేళను 10-12 అనే స్ట్రింగ్‌గా రాస్తే, జావా పేరు అంకెతో మొదలు కాకూడదు కాబట్టి ముందొక అండర్‌స్కోర్, గీత స్థానంలో ఇంకొక అండర్‌స్కోర్ చేరతాయి. పనికి ఇవి అడ్డం రావు గాని కోడ్ చదివేవారికి వీటిని చూస్తే విసుగు. స్పెక్‌లో ఆ ఈనమ్ కిందే ఎక్స్-ఈనమ్-వార్‌నేమ్స్ అనే జాబితాను, విలువలు ఉన్న వరుసలోనే రాసి, మీకు నచ్చిన పేర్లను ఇవ్వవచ్చు. ఈనమ్ విలువలను తెలుగులోనే ఉంచే ఏపీఐలకైతే ఈ జాబితా తప్పనిసరి అనే నేను అంటాను.

స్పెక్ వెర్షన్ 3.0.3 దగ్గర ఉంచడం ప్రస్తుతానికి మేలు. 3.1కు ఈ జనరేటర్ మద్దతు మొదట ప్రయోగ దశగానే వచ్చింది. పైగా 3.0లోని నలబుల్ అనే గుర్తు 3.1లో లేదు, దాని బదులు టైప్ జాబితాలో నల్ అని చేర్చాలి. అందువల్ల పాత స్పెక్ పైన వెర్షన్ సంఖ్యను మాత్రం మార్చేసి ఊరుకుంటే సరిపోదు.

పామ్ ఫైల్‌లో ప్లగిన్

స్పెక్ ఫైల్‌ను ప్రాజెక్టులోనే, సోర్స్ కింద మెయిన్‌లోని రిసోర్సెస్ ఫోల్డర్‌లో ఉంచండి. ఇన్‌పుట్ స్పెక్ అనే ట్యాగులో వెబ్ చిరునామా కూడా ఇవ్వవచ్చు గాని దానికి నేను ఒప్పుకోను. ఆ సర్వర్ పడిపోయిన రోజు మీ బిల్డ్ పడిపోతుంది, అది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, ఒకే కమిట్‌ను సోమవారం ఒక రకంగా, గురువారం మరో రకంగా బిల్డ్ చేసే స్థితి వస్తుంది. స్పెక్ వేరే టీమ్ చేతిలో ఉంటే వారు దాన్ని జార్‌గా వెర్షన్ వేసి ఇచ్చేలా, మీరు దాన్ని డిపెండెన్సీగా తెచ్చుకునేలా మాట్లాడుకోవడం ఉత్తమం.

పామ్ ఫైల్‌లో బిల్డ్ కింద ప్లగిన్స్ భాగంలో కొత్త ప్లగిన్‌ను చేర్చండి. గ్రూప్ ఐడీ ఓఆర్‌జీ డాట్ ఓపెన్‌ఏపీఐటూల్స్, ఆర్టిఫాక్ట్ ఐడీ ఓపెన్‌ఏపీఐ-జనరేటర్-మేవెన్-ప్లగిన్, ఇవి రెండూ మొత్తం చిన్న అక్షరాలలోనే ఉంటాయి. వెర్షన్‌ను రాయకుండా వదలకండి. 7వ శ్రేణిలోని ఒక వెర్షన్‌ను ఎంచుకుని కచ్చితంగా ఆ సంఖ్యనే రాయండి. ఈ శ్రేణిని నడపడానికి కనీసం జావా 11 కావాలి, జావాలో సర్వర్లు రాసే ఫ్రేమ్‌వర్క్ అయిన స్ప్రింగ్ బూట్ 3 వాడేవారి దగ్గర ఎలాగూ జావా 17 ఉంటుంది.

దాని కింద ఎగ్జిక్యూషన్స్‌లో ఒక ఎగ్జిక్యూషన్ పెట్టి, దానికి ఒక ఐడీ ఇచ్చి, గోల్ దగ్గర జనరేట్ అని రాయండి. ఫేజ్ రాయనవసరం లేదు. మేవెన్ వరుసలో కంపైల్ కంటే ముందు వచ్చే జనరేట్-సోర్సెస్ దశకు ఈ గోల్ తనంతట తానే అతుక్కుంటుంది.

ఆ ఎగ్జిక్యూషన్‌లోని కాన్ఫిగరేషన్ ట్యాగు లోపల ముందుగా రాయవలసినవి నాలుగు. ఇన్‌పుట్ స్పెక్‌లో స్పెక్ ఫైల్ దారి ఇవ్వాలి, అదీ ప్రాజెక్ట్ డాట్ బేస్‌డిర్ అనే మేవెన్ వేరియబుల్‌తో మొదలుపెట్టి ఇవ్వాలి. అలా ఇవ్వకపోతే ప్రాజెక్టులో మాడ్యూళ్లు ఎక్కువైన నాడు పై ఫోల్డర్ నుంచి బిల్డ్ నడిపితే ఫైల్ దొరకదు. జనరేటర్ నేమ్ దగ్గర స్ప్రింగ్ అని రాయాలి. ఏపీఐ ప్యాకేజ్, మోడల్ ప్యాకేజ్ అనే రెండింటిలో ఇంటర్‌ఫేస్‌లు, డేటా క్లాసులు ఏ జావా ప్యాకేజీలోకి వెళ్లాలో చెప్పాలి. వీటిని మీ చేతి కోడ్ ఉన్న ప్యాకేజీతో కలపకుండా చివర జనరేటెడ్ అని చేర్చి వేరుగా ఉంచితే, ఇంపోర్ట్ లైను చూడగానే ఏ క్లాసు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. మోడల్ నేమ్ సఫిక్స్ దగ్గర డీటీఓ (డేటాను చేరవేసే క్లాసు అన్న గుర్తు) అని చేర్చడం కూడా నాకు అలవాటు. డేటాబేస్ ఎంటిటీకి, ఏపీఐ క్లాసుకు రెండింటికీ బుకింగ్ అనే పేరే ఉంటే ఒక ఫైల్‌లో రెండూ వచ్చినప్పుడు తల పట్టుకోవలసి వస్తుంది.

ఔట్‌పుట్ ట్యాగును వదిలేస్తే కోడ్ టార్గెట్ కింద జనరేటెడ్-సోర్సెస్‌లోని ఓపెన్‌ఏపీఐ ఫోల్డర్‌లోకి వెళ్తుంది, ప్లగిన్ ఆ ఫోల్డర్‌ను కంపైల్ జాబితాలో కూడా తానే చేరుస్తుంది. దీన్ని సోర్స్ మెయిన్ జావాలోకి మార్చాలన్న కోరిక చాలామందికి కలుగుతుంది, కోడ్ ఎదురుగా కనబడుతుంది కదా అని. దయచేసి మార్చకండి. అక్కడ పెడితే అది గిట్‌లోకి వెళ్తుంది, గిట్‌లోకి వెళ్లిన దానిని ఎవరో ఒకరు చేత్తో సవరిస్తారు, మరుసటి బిల్డ్‌లో ఆ సవరణ ఆనవాలు లేకుండా పోతుంది. టార్గెట్‌లో ఉన్నది క్లీన్ అనగానే చెరిగిపోతుందని అందరికీ తెలుసు, అందుకే దాని జోలికి ఎవరూ పోరు.

కాన్ఫిగ్ ఆప్షన్స్ లోపల

ఇంతవరకు చెప్పినవి అన్ని జనరేటర్లకూ చెల్లే ట్యాగులు. స్ప్రింగ్ జనరేటర్‌కు మాత్రమే సంబంధించినవి కాన్ఫిగ్ ఆప్షన్స్ అనే లోపలి ట్యాగులో రాయాలి. పైన అక్షరాల నియమాన్ని నొక్కి చెప్పింది దీనికోసమే. కాన్ఫిగ్ ఆప్షన్స్ అనేది పేరు, విలువల జంటల సంచి మాత్రమే. అందులో ఒక పేరు తప్పుగా రాస్తే, ఉదాహరణకు యూజ్ స్ప్రింగ్ బూట్ 3లో బూట్ మాట మొదటి అక్షరాన్ని చిన్నగా రాస్తే, ప్లగిన్ తప్పు అనదు, హెచ్చరించదు, ఆ పేరును పట్టించుకోకుండా వెళ్లిపోతుంది. కాన్ఫిగరేషన్‌లో నేరుగా రాసే ట్యాగు పేరు తప్పితే మేవెన్ 3.9 నుంచి ఒక హెచ్చరికైనా వస్తుంది, ఈ సంచి లోపల మాత్రం అదీ లేదు. కాబట్టి ఏ ఆప్షన్ మార్చినా, దాని ఫలితం తయారైన కోడ్‌లో కనబడిందా లేదా అని ఒకసారి ఫైల్ తెరిచి చూడడమే నమ్మదగిన పద్ధతి. జనరేటర్‌కు ఏయే ఆప్షన్లున్నాయో మరిచిపోతే కాన్ఫిగ్ హెల్ప్ అనే ట్యాగును తాత్కాలికంగా ట్రూ చేసి బిల్డ్ నడపండి, కోడ్ తయారు చేయకుండా ఆప్షన్ల జాబితా మొత్తం తెర మీదకు వస్తుంది.

స్ప్రింగ్ బూట్ 3 వాడుతుంటే యూజ్ స్ప్రింగ్ బూట్ 3 ట్రూ కావాలి. 2022 నవంబర్‌లో వచ్చిన ఆ వెర్షన్‌తో పాత జావాక్స్ ప్యాకేజీల స్థానంలో జకార్తా ప్యాకేజీలు వచ్చాయి. ఈ ఆప్షన్ లేకుండా జావాక్స్ ఇంపోర్టులతో కోడ్ వచ్చిందంటే కంపైలర్ వందల తప్పులు కక్కుతుంది. అంత పొడవైన జాబితా చూసి కంగారు పడనక్కర లేదు, కారణం ఒక్కటే.

ఇంటర్‌ఫేస్ ఓన్లీని ట్రూ చేయండి. అప్పుడు జనరేటర్ ఇంటర్‌ఫేస్‌లను, మోడల్ క్లాసులను మాత్రమే ఇచ్చి, కంట్రోలర్లను మీకు వదిలేస్తుంది. దీనికి బదులుగా డెలిగేట్ ప్యాటర్న్ అనే ఆప్షన్ కూడా ఉంది, అందులో కంట్రోలర్‌ను కూడా జనరేటరే ఇచ్చి, అసలు పని చేసే డెలిగేట్ క్లాసును మీ చేత రాయిస్తుంది. నాకైతే మధ్యలో ఇంకో పొర ఎందుకో అర్థం కాదు, ఇంటర్‌ఫేస్ చాలు.

యూజ్ ట్యాగ్స్‌ను కూడా ట్రూ చేయాలి. ఇది లేకపోతే స్ప్రింగ్ జనరేటర్ పాత్‌లోని మొదటి ముక్కను బట్టి ఇంటర్‌ఫేస్‌కు పేరు పెడుతుంది. మీ పాత్‌లన్నీ ఏపీఐ అనే ముక్కతో మొదలైతే, దానికి చివర ఏపీఐ అనే మాట కూడా చేరి, ఏపీఐఏపీఐ అనే పేరుతో ఒకే ఇంటర్‌ఫేస్ తయారై, సర్వీసులోని మెథడ్లన్నీ అందులో కుప్పపడతాయి. ఆ పేరు చూసి మొదటిసారి మా టీమ్‌లో అందరం నవ్వుకున్నాం, దాన్నే రెండేళ్లు మోశాం. యూజ్ ట్యాగ్స్ పెట్టి, స్పెక్‌లో ప్రతి ఆపరేషన్‌కు ఒక ట్యాగ్ ఇస్తే, బుకింగ్స్ అనే ట్యాగ్ నుంచి బుకింగ్స్‌ఏపీఐ అనే చక్కని పేరు వస్తుంది.

స్కిప్ డిఫాల్ట్ ఇంటర్‌ఫేస్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇది లేకుండా తయారయ్యే ఇంటర్‌ఫేస్‌లోని ప్రతి మెథడ్‌కు ఒక డిఫాల్ట్ బాడీ ఉంటుంది, అది 501, అంటే ఇంకా అమలు చేయలేదు అన్న జవాబును ఇస్తుంది. దీనివల్ల స్పెక్‌లో కొత్త ఆపరేషన్ చేర్చినా, కంట్రోలర్‌లో దాన్ని రాయడం మీరు మరిచిపోయినా కంపైలర్ నోరు విప్పదు, ఆ లోపం యూజర్‌కు 501గా కనబడేదాకా దాక్కుని ఉంటుంది. స్కిప్ డిఫాల్ట్ ఇంటర్‌ఫేస్‌ను ట్రూ చేస్తే ఆ బాడీలు పోతాయి, రాయని మెథడ్ ఉంటే బిల్డ్ అక్కడే ఆగుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఆ డిఫాల్ట్ బాడీలు ఏపీఐ యుటిల్ అనే సహాయక క్లాసును పిలుస్తాయి. కొందరు అనవసరపు ఫైళ్లు వద్దని జనరేట్ సపోర్టింగ్ ఫైల్స్‌ను ఫాల్స్ చేస్తారు, అప్పుడు ఏపీఐ యుటిల్ తయారు కాక, ఆ క్లాసు కనబడలేదన్న తప్పుతో కంపైల్ ఆగిపోతుంది. డిఫాల్ట్ బాడీలే లేనప్పుడు ఏపీఐ యుటిల్ అవసరమే ఉండదు కాబట్టి ఈ రెండు ఆప్షన్లను కలిపి వాడవచ్చు.

ఓపెన్ ఏపీఐ నలబుల్‌ను ఫాల్స్ చేయడం చాలా ప్రాజెక్టులకు సరిపోతుంది. అది ట్రూగా ఉంటే స్పెక్‌లో నలబుల్ అని ఉన్న ప్రతి ఫీల్డ్ జేసన్ నలబుల్ అనే ప్రత్యేక డబ్బాలో చుట్టి వస్తుంది, దానికోసం జాక్సన్-డేటాబైండ్-నలబుల్ అనే లైబ్రరీని డిపెండెన్సీలలో చేర్చాలి. ఫీల్డ్ అసలు పంపకపోవడానికి, కావాలని నల్ పంపడానికి తేడా చూడవలసిన ప్యాచ్ రిక్వెస్టులు మీ దగ్గర ఉంటే మాత్రం దాన్ని ట్రూగానే ఉంచాలి.

డాక్యుమెంటేషన్ ప్రొవైడర్, అనొటేషన్ లైబ్రరీ అనే రెండింటికీ నన్ అని విలువ ఇస్తే స్వాగర్ అనొటేషన్లు లేని శుభ్రమైన కోడ్ వస్తుంది. డాక్యుమెంట్లకు స్పెక్ ఫైల్ ఉండనే ఉంది కదా. వాటిని ఉంచుకోదలిస్తే ఆ అనొటేషన్ల లైబ్రరీని మీరే చేర్చుకోవాలి. స్పెక్‌లో రాసిన ప్యాటర్న్‌లు, కనిష్ఠ, గరిష్ఠ పరిమితులు జావాలో వ్యాలిడేషన్ అనొటేషన్లుగా మారతాయి, అవి పనిచేయడానికి స్ప్రింగ్ బూట్ స్టార్టర్ వ్యాలిడేషన్ డిపెండెన్సీ ఉండాలి.

మొదటి బిల్డ్, ఆ తరువాత

ఎమ్‌వీఎన్ క్లీన్ కంపైల్ అని నడపండి. స్పెక్‌లో దోషముంటే ప్లగిన్ ముందుగా దాన్నే సరిచూసి బిల్డ్‌ను ఆపుతుంది. ఆ పరీక్షను దాటించడానికి స్కిప్ వ్యాలిడేట్ స్పెక్ అనే దొడ్డిదారి ఉంది, గడువు ముంచుకొచ్చిన రోజున అది ఎంత ఆశ పెట్టినా స్పెక్‌నే సరిదిద్దండి. బిల్డ్ అయ్యాక టార్గెట్‌లో తయారైన ఇంటర్‌ఫేస్‌ను తెరిచి, మెథడ్ పేరు, పారామీటర్ల టైప్‌లు మీరు అనుకున్నట్టే ఉన్నాయా చూడండి. మొబైల్ నంబర్ స్ట్రింగ్‌గా, దాని మీద ప్యాటర్న్ అనొటేషన్ ఉండాలి. కిరాయి బిగ్ డెసిమల్‌గా, తేదీ లోకల్ డేట్‌గా ఉండాలి. ఎడిటర్‌లో ఆ క్లాసులు ఎర్రగా కనిపిస్తే మేవెన్ ప్రాజెక్టును రీలోడ్ చేస్తే సరిపోతుంది.

ఇప్పుడు మీ కంట్రోలర్ రాయండి. రెస్ట్ కంట్రోలర్ అనొటేషన్ పెట్టి, బుకింగ్స్‌ఏపీఐ ఇంటర్‌ఫేస్‌ను ఇంప్లిమెంట్ చేస్తే చాలు. పాత్, హెచ్‌టీటీపీ పద్ధతి, పారామీటర్ల అనొటేషన్లు ఇంటర్‌ఫేస్ నుంచే వస్తాయి, వాటిని మళ్లీ కంట్రోలర్‌లో రాయకండి. రెండు చోట్ల రాస్తే ఏదో ఒకరోజు రెండూ వేరవుతాయి, ఆ బాధ తప్పించుకోవడానికే కదా ఇంత పని పెట్టుకున్నది.

స్పెక్‌లోని ఒక టైప్ మీకు నచ్చని జావా క్లాసుగా వస్తోందనుకోండి, ఆఫ్‌సెట్ డేట్ టైమ్ బదులు ఇన్‌స్టంట్ కావాలనుకోండి. టైప్ మ్యాపింగ్స్‌లో ఆ జంటను, ఇంపోర్ట్ మ్యాపింగ్స్‌లో ఇన్‌స్టంట్ పూర్తి ప్యాకేజీ పేరును ఇవ్వాలి, ఒకటి రాసి రెండోది మరిస్తే కంపైల్ కాదు. మీ దగ్గర ముందే ఉన్న క్లాసును ఒక స్కీమాకు బదులుగా వాడాలంటే స్కీమా మ్యాపింగ్స్ ఉంది.

స్పెక్ మారనప్పుడు కోడ్‌ను మళ్లీ తయారు చేయకుండా స్కిప్ ఇఫ్ స్పెక్ ఈజ్ అన్‌చేంజ్డ్ అనే ట్యాగు కాస్త సమయం మిగులుస్తుంది. ఇది పెట్టాక ఆప్షన్లు మార్చినప్పుడల్లా క్లీన్‌తోనే బిల్డ్ చేయండి, లేకపోతే స్పెక్ మారలేదు కదా అని అది పాత కోడ్‌నే ఉంచేస్తే మీరు మార్చిన ఆప్షన్ పనిచేయడం లేదని గంటసేపు వెతుక్కుంటారు. స్పెక్‌లో తెలుగు వివరణలు ఉంటే ప్రాజెక్ట్ డాట్ బిల్డ్ డాట్ సోర్స్ ఎన్‌కోడింగ్ అనే ప్రాపర్టీని యూటీఎఫ్-8గా పెట్టారో లేదో చూసుకోండి. జావా 18 నుంచి అదే అప్రమేయంగా ఉంటుంది గాని అంతకు ముందు వెర్షన్లలో విండోస్ మెషీన్ తన సొంత ఎన్‌కోడింగ్‌ను వాడుకుంటుంది.

మన సర్వీసు ఇంకో సర్వీసును, ఉదాహరణకు చెల్లింపుల సర్వీసును పిలవవలసి వస్తే, అదే ప్లగిన్ కింద రెండో ఎగ్జిక్యూషన్ చేర్చండి. దానికి వేరే ఐడీ, వేరే ఇన్‌పుట్ స్పెక్, వేరే ప్యాకేజీలు, మరీ ముఖ్యంగా వేరే ఔట్‌పుట్ ఫోల్డర్ ఇవ్వాలి. రెండూ ఒకే ఫోల్డర్‌లో రాస్తే ఒకదాని ఫైళ్ల మీద ఇంకొకటి రాసేస్తుంది. ఇక్కడ జనరేటర్ నేమ్ జావా, లైబ్రరీ దగ్గర మీరు వాడే హెచ్‌టీటీపీ క్లయింట్‌ను బట్టి రెస్ట్ టెంప్లేట్, వెబ్ క్లయింట్, ఫెయిన్ వంటి వాటిలో ఒకటి, ఖాళీ లేకుండా మొత్తం చిన్న అక్షరాలలోనే, రాయాలి. క్లయింట్ విషయంలో జనరేట్ సపోర్టింగ్ ఫైల్స్‌ను ఫాల్స్ చేయకూడదు, ఎందుకంటే అసలు కాల్ చేసే ఏపీఐ క్లయింట్ క్లాసు ఆ సపోర్టింగ్ ఫైళ్లలోనే ఉంటుంది. జనరేట్ ఏపీఐ టెస్ట్స్, జనరేట్ మోడల్ టెస్ట్స్ మాత్రం ఫాల్స్ చేయండి, అవి ఇచ్చేది ఖాళీ టెస్టులే.

మేవెన్ బదులు గ్రేడిల్ అనే బిల్డ్ సాధనం వాడేవారికి ఆప్షన్ల పేర్లు చాలావరకు ఇవే, ప్లగిన్ ఐడీ ఓఆర్‌జీ డాట్ ఓపెన్‌ఏపీఐ డాట్ జనరేటర్, టాస్క్ ఓపెన్ ఏపీఐ జనరేట్. తేడా ఒకటే: తయారైన ఫోల్డర్‌ను సోర్స్ సెట్స్‌లో చేర్చడం, కంపైల్ జావా టాస్క్ ఈ టాస్క్ మీద ఆధారపడేలా చెప్పడం అక్కడ మీ పనే.

ప్లగిన్ వెర్షన్ పెంచేటప్పుడు మాత్రం తొందరపడకండి. పెంచే ముందు టార్గెట్‌లోని జనరేటెడ్-సోర్సెస్ ఫోల్డర్‌ను ప్రాజెక్టు బయటకు కాపీ చేసుకోండి. వెర్షన్ మార్చి, క్లీన్ కంపైల్ చేసి, పాత ఫోల్డర్‌ను, కొత్త ఫోల్డర్‌ను డిఫ్ కమాండ్‌తో పోల్చండి. తయారీ తేదీ, వెర్షన్ సంఖ్య ఉన్న పంక్తుల్లో తేడా ఎలాగూ వస్తుంది, వాటిని వదిలేయండి. మెథడ్ పేర్లలో గాని, ఫీల్డ్‌ల టైప్‌లలో గాని, ఈనమ్ పేర్లలో గాని తేడా కనిపిస్తే, దాన్ని ఏ ఆప్షన్‌తో పాత స్థితికి తేవచ్చో చూసుకున్న తరువాతే ఆ మార్పును కమిట్ చేయండి.